గుంటకో జత

“రోడ్డు మీద గుంటలు పూడ్చడం తెల్లవాళ్ళ కాలం నాటి పద్ధతి. స్వతంత్రం వచ్చాక కూడా పూడ్చుకుంటూ కూర్చుంటే ఎట్లా? గుంటని ఉపయోగంలోకి తేవాలి” అని మా పంచాయతీ సమితి ప్రెసిడెంటు పాండురంగారావు గారు ప్రకటించారు. ఆ మాట ఆయన మా కట్టవపాలెం అడ్డరోడ్డులో, నా కాఫీ హోటలు ముందు, నా బల్ల ఎక్కి అన్నారు. బల్ల కాలు ఒకటి విరిగింది గానీ నేనేమీ అనుకోలేదు. అంతటి మాట ఇంకో బల్ల మీద పుట్టి ఉంటే నాకే చిన్నతనంగా ఉండేది.

నా పేరు మార్కండేయ. మాది చీరాల వైపు. మగ్గం మీద కూర్చుంటే పూట గడవక ఇటొచ్చి హోటలు పెట్టుకున్నాను. అందరూ బస్టాండు చూసి హోటలు పెడతారు, నేను గుంట చూసి పెట్టాను. తెనాలి నుంచి వచ్చే బస్సు వేమూరు దాటాక మొట్టమొదట దిగబడేది ఇక్కడే. అది లేచేలోపు జనం దిగి ఇడ్లీ తిని కాఫీ తాగుతారు. అందుకని ఎండాకాలంలో గుంట ఎండిపోకుండా గిన్నెలు కడిగిన నీళ్ళన్నీ అందులోనే పోస్తుంటాను. రోడ్ల సంరక్షణ అంతా ప్రభుత్వమే చెయ్యాలంటే కుదరదు కదా.

పథకం పేరు ‘గుంటకో జత’. రోడ్లకని వచ్చిన డబ్బు రోడ్లకి చాలదు, రైతులకని వచ్చిన డబ్బు రైతులకి చాలదు. మామూలు బుర్రయితే ఇక్కడే ఆగిపోతుంది. పాండురంగారావు గారిది ఆగలేదు. ఇక నుంచి ప్రతి గుంట దగ్గరా ఒక రైతు తన ఎడ్లజతతో పొద్దుటి నుంచి చీకటి పడేదాకా డ్యూటీలో ఉంటాడు. బస్సో లారీయో దిగబడగానే ఎడ్లని కట్టి బయటికి లాగుతాడు. ఎడ్లకి గడ్డి, తవుడు, తెలకపిండి సమితే ఇస్తుంది. అటు రోడ్డుని చూసుకున్నట్టూ ఉంటుంది, ఇటు రైతుని ఆదుకున్నట్టూ ఉంటుంది.

“మరి గుంట సంగతేంటండి?” అని వెనక నుంచి ఎవరో అడిగారు.

“గుంట ఉంటేనే కదయ్యా పథకం ఉండేది” అన్నారు ప్రెసిడెంటు గారు. ఆయన పక్కనున్న బి.డి.ఓ. గారు ముందు చప్పట్లు కొట్టారు, తర్వాత మేమంతా కొట్టాం.

అందరికన్నా ముందు చెయ్యెత్తినవాడు యలమంద. నా హోటలుకి ఎదురుగా, రోడ్డవతల ఎకరన్నర కౌలుకి చేస్తాడు. పోయిన తుపానులో అతని గడ్డివాము కొట్టుకుపోయింది. ఎడ్ల డొక్కలు లెక్కపెట్టుకోవచ్చు అన్నట్టున్నాయి.

“గడ్డి ఎప్పుడిస్తారండి?” అన్నాడు యలమంద.

“శాంక్షనయింది.”

“అయితే రేపు తోలుతారా అండి?”

“శాంక్షనయిందన్నానా?” అన్నారు ప్రెసిడెంటు గారు, ఈసారి కాస్త గట్టిగా. గట్టిగా అనేసరికి యలమందకి నమ్మకం కలిగింది.

మర్నాడు ప్రారంభోత్సవం. గుంటకి అడ్డంగా రిబ్బను కట్టారు. ప్రెసిడెంటు గారు రిబ్బను కత్తిరించి, తాము కూర్చున్న జీపునే గుంటలోకి పోనిమ్మన్నారు. జీపు సమితిదే అయినా కుదుపు ఆయనదే కదా. యలమంద ఎడ్లు లాగాయి, జీపు పైకొచ్చింది. రెండు ఎడ్లకీ పూలదండలు వేశారు. ఒకదాని మెడలో దండ ఇంకొకటి తినేసింది. శాంక్షనయిన మేతలో వాటికి అందింది అదేనని నాకు తర్వాత తెలిసింది.

బి.డి.ఓ. గారు పద్ధతి గల మనిషి. ఎడ్లు సమితి కొలువులో చేరాయి గనక సర్వీసు నిబంధనలు వాటికీ వర్తిస్తాయని తేల్చారు. పశువుల డాక్టరు వచ్చి నోరు తెరిపించి చూసి, ఆరోగ్యంగా ఉన్నాయని సర్టిఫికెట్టు ఇచ్చాడు. కొమ్ములకి ఎర్ర రంగు వేసి నంబర్లు రాశారు. ఆ తర్వాత వాటి నడకలో కూడా తేడా వచ్చిందనిపించింది నాకు. పిలిస్తే వెంటనే పలికేవి కావు.

ఇలా సాగిపోతుండగా ప్రకాశం అనే కొత్త ఓవర్సీరు వచ్చాడు. బాపట్ల కుర్రవాడు. బాగా చదువుకున్నాడు గానీ, పాపం, రోడ్డంటే రోడ్డే అనుకునేవాడు. ఒకరోజు పొద్దున్నే రెండు బళ్ళ కంకర తోలించి గుంట పూడ్చేశాడు. ఆ పూట బస్సు ఆగకుండా వెళ్ళిపోయింది. నా ఇడ్లీలు మిగిలిపోయాయి, యలమంద ఎడ్లు ఏం చెయ్యాలో తోచక కంకర మీద నిలబడ్డాయి.

ప్రెసిడెంటు గారు జీపులో పరుగున వచ్చారు.

“ఏంటయ్యా ఇది? ఎవరి నోట్లో మట్టి కొట్టావో తెలుసా?” అన్నారు.

“రోడ్డు బాగుచేశానండి” అన్నాడు ప్రకాశం.

“సమితి సిబ్బంది పనిచేసే చోటు పాడుచేసి, బాగుచేశానంటావా?”

సాయంత్రంలోగా కంకర మొత్తం తవ్వి తీయించమని మెమో ఇచ్చారు. ప్రకాశం తవ్వించాడు. చదువుకున్నవాడు కావడం వల్ల గుంట ఇదివరకటి కన్నా నీటుగా, కాస్త లోతుగా వచ్చింది. నాకు కక్షలు లేవు. అతనికి కాఫీ ఇచ్చి డబ్బులు వద్దన్నాను.

ఇంతలో కాలవలు వదిలారు. ఊరంతా నీళ్ళు పెట్టి మళ్ళు దున్నే దమ్ముల్లో పడింది. ఎవరి ఎడ్లు వాళ్ళకే చాలవు, మిగిలినవన్నీ గుంటల దగ్గర ఉద్యోగాల్లో ఉన్నాయి. యలమంద చేలోకి నీళ్ళొచ్చాయి గానీ నాగలి మాత్రం రాలేదు. అతని ఎడ్లు గుంటలో నిలబడి, రోడ్డవతల ఉన్న తమ చేను వైపే చూసేవి.

యలమంద భార్య మాణిక్యమ్మ మొగుడికి అన్నం తెచ్చి, నా హోటలు అరుగు మీద కూర్చుంది.

“మా ఆకుమడి చూశావా బాబాయ్? ముదిరిపోతంది. ముదిరిన ఆకు నాటితే పిలకెయ్యదు. ఈ వారంలో నాటు పడకపోతే కౌలు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తానని ఆసామి కబురు చేశాడు. ఇంట్లో గింజల్లేవు, ఎడ్లకి గడ్డీ లేదు. గవర్నమెంటు ఉద్యోగం అంటే ఇదేనంటావా?”

ఆమె మొహం చూడలేక లేచి గిన్నెల దగ్గరికి వెళ్ళాను. ఆ పూట గుంటలో బకెట్టు నీళ్ళు పొయ్యకుండా పక్కనే పారబోశాను. అంతకన్నా చెయ్యగలిగింది నాకేం కనపడలేదు.

యలమంద వెళ్ళి ప్రెసిడెంటు గారిని కలిశాడు. సాయంగా నన్ను కూడా తీసుకెళ్ళాడు. బి.డి.ఓ. గారు కూడా అక్కడే ఉన్నారు.

“ఎడ్లకి రెండ్రోజులు సెలవు కావాలండి, దమ్ముకి” అన్నాడు యలమంద.

“చేరి ఎన్నాళ్ళయింది? కొత్తగా చేరినవాటికి సెలవు ఎట్లా ఇస్తారు?” అన్నారు బి.డి.ఓ. గారు.

“పోనీ ఒక్కపూట.”

“నీ ఎడ్లు వెళ్ళిపోతే గుంటని ఎవరు కనిపెట్టుకుంటారయ్యా?” అన్నారు ప్రెసిడెంటు గారు.

“గుంట ఎక్కడికీ పోదండి.”

“అదే నేనూ చెప్పేది. గుంటకున్న నిలకడ నీకు లేదు.”

“అయితే మానేస్తానండి.”

“మానేస్తే ఇప్పటిదాకా రావలసిన గడ్డి రాదు” అన్నారు బి.డి.ఓ. గారు.

“మానకపోతే వస్తుందా అండి?”

“శాంక్షనయింది” అన్నారు ప్రెసిడెంటు గారు.

పథకం సంగతి మంత్రిగారి దాకా వెళ్ళింది. స్వయంగా వచ్చి చూస్తామని కబురొచ్చింది. గుంట చుట్టూ ముగ్గులు వేశారు, రెండు పక్కలా మామిడాకుల తోరణం కట్టారు. మంత్రిగారి కారు బరువు తెలుసుకుని, ప్రకాశం చేత గుంట ఇంకాస్త తవ్వించారు. తెనాలి నుంచి బ్యాండు మేళం వచ్చింది. నేను పెసరట్ల పిండి రెట్టింపు రుబ్బించాను.

మంత్రిగారి అంబాసిడర్ వచ్చింది. బ్యాండు మొదలైంది. తీరా చూస్తే ఆ డ్రైవరుది రేపల్లె అట. చిన్నప్పటి నుంచి ఈ రోడ్లు ఎరిగినవాడు. ఒక చక్రం ముగ్గు మీద నుంచి, ఇంకో చక్రం గట్టు మీద నుంచి పోనిచ్చి, చుక్క బురద చిందకుండా గుంట దాటించేశాడు. బ్యాండు ఆగిపోయింది. పాండురంగారావు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆయన కారుకి అడ్డంగా వెళ్ళి చేతులు జోడించారు. “క్షమించాలి సార్. తమరు దిగబడలేదు.”

“దిగబడాలా?” అన్నారు మంత్రిగారు.

“ప్రోగ్రాంలో ఉంది సార్. దయచేసి ఒక్కసారి వెనక్కి వచ్చి...”

మంత్రిగారు ప్రజల మనిషి. సరేనన్నారు. కారు వెనక్కి వెళ్ళి, ఈసారి తిన్నగా గుంటలోకి దిగింది. ఇరుసు దాకా కూరుకుపోయింది. జనం చప్పట్లు కొట్టారు, బ్యాండు మళ్ళీ అందుకుంది.

“ఏవయ్యా, ఎడ్లేవి?” అన్నారు మంత్రిగారు కిటికీలోంచి.

గుంట పక్కన గుంజలున్నాయి, వాటికి పలుపులున్నాయి. ఎడ్లు లేవు. అందరం చుట్టూ చూశాం. రోడ్డవతల చేలో యలమంద మోకాలి లోతు నీళ్ళలో దమ్ము చేస్తున్నాడు. ఎర్ర కొమ్ములు ఎండలో మెరుస్తున్నాయి. ఆ ఎడ్లు అంత ఇష్టంగా నడవడం నేను అంతకుముందు చూడలేదు.

ప్రెసిడెంటు గారు రోడ్డంచున నిలబడి నోటి చుట్టూ చేతులు పెట్టి అరిచారు. “యలమందా, మంత్రిగారు దిగబడ్డారు. ఎడ్లని తోలుకురా.”

“ఈ మడి అయిపోనివ్వండి. బోదె కాలవ నీళ్ళు మా వంతు మధ్యానం దాకానేనండి” అన్నాడు యలమంద, ఆగకుండానే.

“మంత్రిగారయ్యా.”

“ఆగమనండి. దమ్ము ఆగదండి.”

మంత్రిగారిని నా హోటల్లోకి తీసుకొచ్చాం. ఆయన అల్లం పచ్చడితో రెండు పెసరట్లు తిన్నారు. ఆలోగా బ్యాండు మేళం వాళ్ళు, పార్టీ కార్యకర్తలు, ప్రకాశం, బి.డి.ఓ. గారు కలిసి కారుని భుజాల మీద లేపినట్టు లేపి ఒడ్డున పెట్టారు. తామూ ఒక చెయ్యి వేసిన ప్రెసిడెంటు గారి ఖద్దరు లాల్చీ నడుం దాకా నల్లబడింది. మంత్రిగారు చెయ్యి కడుక్కుని బయటికొచ్చి, కారు రోడ్డు మీద ఉండడం చూశారు. ఆయన పెసరట్టు ధ్యాసలో ఉన్నారు గనక ఎవరు లాగారో చూడలేదు.

“అద్భుతం. ఈ పథకమే లేకపోతే నా గతేం కాను?” అన్నారు. పథకాన్ని జిల్లా అంతటా అమలు చేస్తున్నట్టు అక్కడికక్కడే ప్రకటించారు.

మూడోనాడు యలమంద చేలో నాటు పడుతుండగా బి.డి.ఓ. గారు గట్టు మీదకొచ్చి ఆర్డరు చదివారు. విధుల్లోంచి చెప్పకుండా వెళ్ళిపోయినందుకు రెండు ఎడ్లనీ సస్పెండు చేశారు. మాణిక్యమ్మ ఆకు కట్ట చేత్తో పట్టుకుని గట్టు దగ్గరికొచ్చింది.

“అంటే ఏంటండి?” అన్నాడు యలమంద.

“విచారణ పూర్తయ్యేదాకా ఆ ఎడ్లు గుంట ఛాయలకి రాకూడదు.”

“విచారణ ఎప్పటికవుతుందండి?”

“చెప్పలేం. కోతల దాకా పట్టొచ్చు.”

“తొందరేం లేదండి” అన్నాడు యలమంద.

ఆ సాయంత్రమే అతని ఇంటి ముందు బండి ఆగింది. బండి నిండా వరిగడ్డి, పైన ఒక తవుడు బస్తా. సస్పెన్షన్లో ఉన్నవాళ్ళకి సగం జీతం భత్యంగా ఇవ్వాలట. జీతం ఆగితే అడిగేవాళ్ళు లేరు గానీ, ఆ భత్యం ఆగితే ఆడిట్ వాళ్ళు ఊరుకోరట. పద్ధతి గల మనిషి గనక బి.డి.ఓ. గారు వెంటనే తోలించారు. మాణిక్యమ్మ గడ్డి మీద చెయ్యి వేసి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

మర్నాడు సమితి ఆఫీసు ముందు ఎడ్లు, రైతులు వరసకట్టారు. పొన్నూరు రోడ్డు గుంట వాళ్ళు, కొలకలూరు రోడ్డు గుంట వాళ్ళు, అందరూ వచ్చారు. తమ ఎడ్లు కూడా క్రమశిక్షణ తప్పాయని, తక్షణం చర్య తీసుకోవాలని ప్రెసిడెంటు గారి కాళ్ళా వేళ్ళా పడ్డారు. ఆయన కఠినంగానే వ్యవహరించారు. ఒక్క జతని కూడా వదల్లేదు.

ఆ ఏడు మా వైపు పంటలు బాగానే పండాయి.

మొన్న ప్రకాశం హోటలుకొచ్చాడు. రోడ్డు వైపు చూస్తూ, “బాబాయ్, ఇప్పుడు ఎడ్లూ లేవు, డ్యూటీలూ లేవు. ఇక ఈ గుంట పూడ్చెయ్యొచ్చు కదా?” అన్నాడు.

చదువుకున్నవాడికి అన్నీ మనమే చెప్పాలి.

“ఎట్లా పూడుస్తావు నాయనా? తప్పు జరిగింది అక్కడే కదా. విచారణ అయ్యేదాకా ముట్టుకోకూడదని బోర్డు పెట్టారు, చూళ్ళేదా?”

ప్రకాశం బోర్డు చూశాడు. అప్పుడే తెనాలి బస్సు వచ్చి దిగబడింది. అతని చేతికి కాఫీ ఇచ్చి, గిన్నెలు కడిగిన నీళ్ళ బకెట్టు తీసుకుని నేను రోడ్డు మీదకి వెళ్ళాను.