అరవై వేల అడుగుల ప్రసాద్

ప్రసాద్ నిన్న ఒక్కరోజే యాభై ఎనిమిది వేల అడుగులు నడిచాడన్న సంగతి పావని సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు, చేతిలోని ఇడ్లీ ముక్క నోటిదాకా వెళ్లకముందే కనిపెట్టింది.

అడుగులు లెక్కపెట్టే కంపెనీ యాప్ చెడిపోయిందనుకుని మూసి మళ్లీ తెరిచింది. అంకె మారలేదు. యాభై ఎనిమిది వేలంటే హిందూపురంలో బయలుదేరి పెనుకొండ దాకా నడిచినట్టు. అదీ ఆదివారం, ఈ ఎండల్లో, భుజాన వాటర్ ఫిల్టర్ డెమో బ్యాగుతో. పోయిన వారం దాకా ఈ మనిషి పదమూడు వేల దగ్గర బుద్ధిగా ఉండేవాడు. జాబితాలో చిట్టచివర పావని పేరు, పక్కన తొమ్మిది వేల రెండు వందలు.

ఆ రోజుకు ఆమె వేసుకున్న ప్లాను చిన్నదే. పొద్దున లేపాక్షిలో రెండిళ్లలో డెమో, సాయంత్రం నాలుగింటికి ఆఫీసులో పర్మనెంట్ లెటర్. చెలిమ ఫిల్టర్ల కంపెనీలో ఆమె పదకొండు నెలలుగా టెంపరరీ. శుక్రవారం నెలాఖరు. ఆలోగా లెటర్ రాకపోతే కాంట్రాక్టు ముగిసి ఇంటికి పోవడమే.

అమ్మకాల్లో ఆమెకు సాటి లేదు. ఈ నెలలో పద్నాలుగు ఫిల్టర్లు అమ్మింది. ఒక్కో ఇంట్లో గంటసేపు కూర్చుని, ఆ ఇంటి బోరు నీళ్లే కాచి, గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొరను ఆ ఇల్లాలికే చూపించి అమ్ముతుంది. కూర్చుంటే అడుగులు పడవు. అదే వచ్చిన చిక్కు. నడిచేవాడే అమ్మగలడని బెంగళూరు హెడ్డాఫీసులో ఎవరో వచ్చి శిక్షణ ఇచ్చి వెళ్లారట. ఆనాటి నుంచి కంపెనీ ఫిల్టర్లను లెక్కపెట్టడం మాని అడుగులను లెక్కపెడుతోంది. కంపెనీ ఇచ్చిన ఫోనులో రోజుకు పన్నెండు వేలు పడితే మంచి ఉద్యోగి, పడకపోతే రాతపూర్వకంగా సంజాయిషీ.

నాలుగింటికి మేనేజర్ అమర్‌నాథ్ మెడ తుడుచుకుంటూ చెప్పిన విషయం ఇది: ప్రసాద్ అంకె చూసి సేల్స్ హెడ్ సాయిసుధ మేడమ్ ఉబ్బితబ్బిబ్బయ్యారు. ఒకరు చేయగలిగింది అందరూ చేయగలరు కనుక రేపటి నుంచి అందరికీ పాతిక వేలు. బ్రాంచికి వచ్చే పర్మనెంట్ లెటర్ ఒకటే, అది శుక్రవారం నాటికి జాబితాలో పైనున్నవాళ్లకు.

"ఆ ప్రసాద్ ఎప్పుడు నిద్రపోతాడు సార్?" అని అడిగింది పావని.

"అతనికి కమిట్‌మెంట్ ఉండాది," అన్నాడు అమర్‌నాథ్, ఫ్యాను వైపు చూస్తూ.

పావని ప్రసాద్‌ను చూసింది ఒక్కసారే, రెండు నెలల క్రితం అతను చేరిన రోజు. ఆఫీసు మొదటి అంతస్తులో ఉందని మెట్ల దగ్గరే మొహం ముడుచుకున్నాడు. తర్వాత అతన్ని ధర్మవరం వేశారు. వీడియో మీటింగుల్లో అతని కెమెరా ఎప్పుడూ ఆగిపోయే ఉంటుంది. గ్రూపులో మాత్రం రోజూ పొద్దున్నే ఉదయించే సూర్యుడి బొమ్మతో గుడ్ మార్నింగ్ పెడతాడు. ఫోను చేస్తే ఎత్తడు. నడిచేటప్పుడు ఎత్తకూడదన్నది అతని నియమమని అమర్‌నాథ్ చెప్పేవాడు.

మంగళవారం పావని కాళ్లు బొబ్బలెక్కేలా హిందూపురం వీధులన్నీ తిరిగి పదిహేడు వేలు చేసింది. ఒక్క ఇంట్లో కూర్చోలేదు, ఒక్క ఫిల్టరూ అమ్మలేదు. అయితే ఆశ్చర్యం ప్రసాద్‌ది కాదు, చెన్నకేశవులుది. పెనుకొండ చూసుకునే చెన్నకేశవులుకు యాభై నాలుగేళ్లు, రెండు మోకాళ్లూ అరిగాయి. ఆయన పేరు పక్కన ముప్ఫై ఒక్క వేలు. ఆయన కంపెనీ నంబరుకు ఫోను చేస్తే మొదట గంటల చప్పుడు వినిపించింది, తర్వాత గొర్రెల అరుపులు, ఆ తర్వాత తెలియని గొంతు. గొర్రెలు కావాలంటే రామగిరి దిక్కుకు రమ్మని, ఆడ మేపుతున్నానని ఆ గొంతు మర్యాదగా చెప్పింది.

పది నిమిషాలకు చెన్నకేశవులు తన సొంత ఫోను నుంచి చేశాడు.

"పాపా, ఎవరికీ చెప్పొద్దు. మా ఈరప్ప మందలో పొట్టేలు మెడకు కట్టినా."

"అన్నా, ఇదేం పని?"

"నా మోకాళ్లతో పాతిక వేలు యాడ నడిచేది? నాది పొట్టేలు. ముప్ఫై ఒక్క వేలకే దానికి నాలిక బయటికొచ్చె. మరి అరవై వేలు నడిచేది ఏం జంతువో కనుక్కో."

ఆ మాట పావని బుర్రలో నాటుకుపోయింది.

బుధవారం వ్యవహారం ముదిరింది. శుక్రవారం తానే స్వయంగా వచ్చి ప్రసాద్‌తో పాటు రోజంతా నడుస్తానని, దాన్ని వీడియో తీయించి మిగతా బ్రాంచీలకు చూపిస్తానని సాయిసుధ గ్రూపులో ప్రకటించింది. రెండు నిమిషాల్లో అమర్‌నాథ్ జవాబు పెట్టాడు. ప్రసాద్‌కు తీవ్రమైన జ్వరం, లేవలేని స్థితి, పర్యటన వాయిదా వేసుకుంటే మంచిది.

ఆ రోజు ప్రసాద్ అరవై ఆరు వేలు నడిచాడు.

జ్వరంతో అరవై ఆరు వేలు నడిచిన ఉద్యోగిని సాయిసుధ తన సర్వీసులో చూడలేదు. గద్గదమైన గొంతుతో ఆమె గ్రూపులో ఒకటిన్నర నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టింది. శుక్రవారం దాకా ఆగలేనంది. పళ్లబుట్టతో, కెమెరామన్‌తో రేపే ధర్మవరం వస్తానంది. జ్వరం లేనివాళ్లందరికీ టార్గెట్ నలభై వేలు చేసింది. చెన్నకేశవులు పొట్టేలు తరఫున రాజీనామా చేస్తానని పావనికి విడిగా మెసేజ్ పెట్టాడు.

గురువారం పావని డెమో బ్యాగు ఇంట్లో పడేసి మొదటి బస్సులో ధర్మవరం వెళ్లింది. యాప్ ఊరు వరకే చూపిస్తుంది, వీధి చూపించదు. చేరిన రోజు గ్రూపులో పెట్టిన ప్రసాద్ ఫోటోను ఫోనులో పట్టుకుని టీ బంకులో, మందుల షాపులో, చెప్పుల షాపులో అడిగింది. ఇంత నడిచేవాడు చెప్పుల షాపువాడికి తెలియకుండా ఉండడని ఆమె లెక్క. అతనికీ తెలియదు. చివరికి ఒక పట్టుచీరల షాపులో ఫోటో చూపిద్దామని మెట్లెక్కితే, పరుపు మీద దిండుకు ఆనుకుని చీర మడత విప్పుతున్న మనిషి సాక్షాత్తూ ప్రసాద్. జ్వరం లేదు. పైగా కాస్త ఒళ్లు చేశాడు.

"ఆ పని మానేసి నలభై రోజులాయె కదక్కా. కాళ్లు పడిపోతాయని మానేస్తి. ఈడైతే కూర్చునే పని," అన్నాడతను.

"మరి నీ కంపెనీ ఫోను?"

"ఫోను, బ్యాగు, అన్నీ అమర్‌నాథ్ సారు చేతికే ఇచ్చేస్తి. ఆయన ఈ ఊరొస్తే దిగేది ఈ వెనక వీధిలో చౌడమ్మ ఇంట్లోనే. అడుగు, చెప్తారు."

వెనక వీధిలో ఏ ఇంటి ముందు నిలబడ్డా లోపల మగ్గం చప్పుడే. పావని నడుస్తూనే ప్రసాద్ నంబరు నొక్కింది. మొదటి ఇల్లు, రెండో ఇల్లు, ఏమీ లేదు. మూడో ఇంట్లో మగ్గం చప్పుడు మధ్య ఫోను మోగింది.

లోపల అరవై ఏళ్ల చౌడమ్మ గుంతలోకి కాళ్లు వదిలి మగ్గం ముందు కూర్చుని ఉంది. చేతులు నేస్తున్నాయి, కాళ్లు తొక్కుతున్నాయి. ఆమె పాదం కింది చెక్కపలకకు తెగిన పట్టుపోగులతో ఒక ఫోను గట్టిగా కట్టి ఉంది. దానికి ఛార్జర్ వైరు, పసుపు, కుంకుమ బొట్లు మూడు. పలక కిందికి వెళ్లిన ప్రతిసారీ ప్రసాద్ ఒక అడుగు వేస్తున్నాడు.

"మోగితే మోగనీలేమ్మా. పెళ్లి చీరలు ఉండాయి, ఆపేదానికి లేదు," అంది చౌడమ్మ, తల ఎత్తకుండా.

పావని ఆ ఇంటి ముందు నిలబడే సాయిసుధకు ఫోను చేసింది. ప్రసాద్ దొరికాడని, ఈ క్షణం కూడా నడుస్తూనే ఉన్నాడని, వచ్చి చూడమని చెప్పింది. ఇరవై నిమిషాల్లో కారు వచ్చింది. ముందు సాయిసుధ, వెనక పళ్లబుట్ట పట్టుకున్న కెమెరామన్, వాళ్ల వెనక కారు తలుపుకు అంటుకుపోయి అమర్‌నాథ్ దిగారు. అతను ఒక్క మాట కూడా మాట్లాడే అవసరం లేకుండా చేసింది చౌడమ్మ.

"ఏమప్పా అమర్‌నాథూ, మళ్లా ముడి విప్పమని వచ్చినావా? నిన్న ఫోన్లోనే చెప్తి కదా. చీర సగంలో ఉండంగా మగ్గానికి కట్టింది విప్పరాదు. పైగా ఇది కట్టినాక నాకు పదకొండు చీరలు ఆర్డరొచ్చె. నేను విప్పను."

సాయిసుధ వంగి గుంతలోకి చూసింది. లేచి, కెమెరా ఆపమంది. పళ్లబుట్టను తీసుకెళ్లి, న్యాయంగా ఎవరికి చెందాలో వాళ్ల పక్కన, చౌడమ్మ దగ్గర పెట్టింది. తర్వాత ఫైలు తెరిచింది. అందులో పర్మనెంట్ లెటర్ ఉంది, ప్రసాద్ పేరుతో.

"ఈ ప్రసాద్ ఇప్పటివరకు ఎన్ని ఫిల్టర్లు అమ్మాడు?" అని అడిగింది.

"ఒకటి," అంది పావని, మూలన బంతిపూల దండ వేసి ఉన్న ఫిల్టరును చూపిస్తూ.

"నువ్వు?"

"ఈ నెల పద్నాలుగు మేడమ్."

"ఇవాళ అడుగులు?"

"బస్సులో వచ్చినా మేడమ్. పదకొండు వందలు."

సాయిసుధ కలం తీసి ప్రసాద్ పేరు కొట్టేసి, పైన పావని పేరు రాసి, పక్కన సంతకం పెట్టి చేతికిచ్చింది. పావని దాన్ని రెండు మడతలు పెట్టి గట్టిగా పట్టుకుంది. అప్పుడు సాయిసుధ అమర్‌నాథ్ వైపు తిరిగి, ఎందుకు చేశావని మాత్రం అడిగింది.

అమర్‌నాథ్ మెడ తుడుచుకున్నాడు.

"ముగ్గురు సేల్స్‌వాళ్లు లేని బ్రాంచి మూసేస్తామని మీరే మెయిల్ పెట్టినారు కదా మేడమ్. ఈ ప్రసాద్ నెల తిరక్కముందే మానేసె. మిగిలింది ఈ పావని, ఆ చెన్నకేశవులు. మూస్తే వాళ్ల ఉద్యోగాలూ పోతాయి, వాళ్లకంటే ముందు నాది పోతాది. అందుకే ఫోను ఈడ కట్టినాను. ఆ గుడ్ మార్నింగులు నేనే ఆఫీసు కంప్యూటర్లో పెట్టేవాణ్ణి. మూడు నెలలు ట్రైనింగని మనం జీతం ఇయ్యం కదా, ఎవరికీ అనుమానం రాలే. రోజుకు పన్నెండు వేలు చాలు, మెల్లగా నెయ్యమ్మా అని ఈమెకు చెప్పే కట్టినాను. అన్నీ చూసుకునే చేసినాను మేడమ్. పెళ్లి ముహూర్తాలు ఒక్కటే చూసుకోలేదు."