క్వార్టర్సుతో పాటు సంతాపం ఉచితం

నా భార్య హెస్టర్ పోయిన రోజున నాకొక సత్యం బోధపడింది. రాజుగారి క్వార్టర్సులో కాపురముండేవాడికి సంతాపం కూడా ఉచితమే!

నవ్వకండి. లండన్‌లో అద్దెలు కట్టలేక సతమతమయ్యే మీకు ఈ సుఖం తెలియదు. ప్యాలెస్‌లో దుప్పట్లు, బల్లగుడ్డలు చూసే గదికి హెస్టర్ పెద్ద. గుర్రపుశాల మీదున్న మా చిన్న ఇల్లు ఆవిడ ఉద్యోగంతో వచ్చింది. నేను బయట స్కూల్లో లెక్కలు చెప్పే మాస్టర్ని. అంటే ఆ ఇంట్లో ఆవిడ ఉద్యోగి, నేను ఆవిడతో వచ్చిన సామాను!

అయినా ఎంత హాయి! గోడలకు ఏ రంగు వేయాలో ప్యాలెస్సే చెబుతుంది కాబట్టి మొగుడూ పెళ్లాలకు ఆ తగువు లేదు. మేకు కొట్టకూడదు కాబట్టి నా పెళ్లినాటి ఫోటో చూసి నవ్వినవాడు లేడు. వచ్చే చుట్టం పేరు ముందే గేటు దగ్గర ఇవ్వాలి కాబట్టి మా బావమరిది రానేలేదు. రాజుగారు ఊళ్లో ఉన్నంతకాలం తోటవైపు కిటికీలో నా బనీను కనబడకూడదు. ఒక బడిపంతులు బనీనును ఇంత లక్ష్యపెట్టే దొరలు ఇంకెక్కడున్నారు?

అసలు సంగతికి వస్తాను. హెస్టర్ కన్నుమూసిన పూటే రాజుగారి మేనత్త ఒకావిడ, ఎక్కడో పల్లెటూరి భవనంలో ఏళ్లుగా మంచం పట్టిన పెద్దావిడ, పోయారు. నేను ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి ప్యాలెస్ జెండా సగానికి దిగి ఉంది. క్వార్టర్సులో ప్రతి కిటికీకీ తెరలు దించేశారు. మగవాళ్లందరి మెడలోనూ నల్ల టై. నాకూ ఒకటి గుమ్మానికి తగిలించి వెళ్లారు. షాపుకు వెళ్లే పని తప్పింది!

పక్కింటి డన్‌స్టన్ రాజుగారి గుర్రపుబండి తోలతాడు. నన్ను చూసి మెట్లు దిగి వచ్చాడు.

“చూశావా మాస్టారూ, మన హెస్టర్‌కి ఎంత మర్యాద చేస్తున్నారో! జెండా కూడా దించారు.”

“అది ఆవిడ కోసం కాదు డన్‌స్టన్.”

“ఊరుకోవయ్యా. ఆ ముసలావిడ మొహం మనలో ఎవడు చూశాడు? నేను మాత్రం హెస్టర్ కోసమే కట్టాను ఈ టై.”

ఆ మాట నాకూ నచ్చింది. జెండా చూసినప్పుడల్లా గర్వపడ్డాను. నేను విడిగా ఏడవడం దేనికి? ప్యాలెస్ మొత్తం నా తరఫున ఆ పని చూసుకుంటోంది కదా!

వారం తిరిగింది. సంతాపం ముగిసింది, తెరలు ఎత్తండి అని కబురొచ్చింది. చెప్పింది చేయడం అలవాటైన మనిషిని. లేచి వెళ్లి ఎత్తేశాను. ఎండ సరాసరి హెస్టర్ మంచం మీద పడింది. నా ఏడుపు నేనింకా మొదలే పెట్టలేదని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ నేను తలదాచుకున్న దుఃఖం కూడా నాది కాదన్నమాట!

ఇక ఇల్లు. క్వార్టర్సుల ఆఫీసు నుంచి మిస్ లవెట్ వస్తోందని తెలియగానే డన్‌స్టన్ నాకు పాఠం చెప్పాడు.

“ఇంకో నెల ఉండనివ్వమని అడుగు. నా పెళ్లాం కోసం నేను తెరలు దించుకుని కూర్చోవాలి అను. వాళ్లేమైనా రాళ్లా? నోరు తెరిచి అడగవయ్యా!”

మిస్ లవెట్ చాలా మర్యాదస్తురాలు. హెస్టర్ ఉద్యోగంలో కొత్తగా చేరే ఆవిడకు ఇద్దరు పసిపిల్లలట. నెలాఖరుకల్లా ఇల్లు కావాలట. నేను టీ ఇచ్చాను. పసిపిల్లలకు ఇక్కడ గాలీ వెలుతురూ బాగుంటాయని మెచ్చుకున్నాను కూడా!

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. “మీకింకేమైనా కావాలా మాస్టారూ?”

“ఏమీ వద్దమ్మా” అన్నాను.

నెలాఖరు దగ్గరపడింది. డన్‌స్టన్ అడగమన్న ఆ ఇంకో నెల సంగతి నేనింకా అడగలేదు.