కోత పండుగకు వెళ్లిన డబ్బా

ఆ ఆదివారం తెల్లారేసరికి ముసురు పట్టింది. డేవిడ్‌రాజు వేసుకున్న పథకం చిన్నదే. డబ్బాలోని కొవ్వు కరిగించి కోళ్ల మేతలో కలపాలి, స్నానం చేయాలి, చర్చికి వెళ్లాలి. మొదటి పనికే ఆటంకం వచ్చింది. వసారాలో డబ్బా లేదు.

ఆ కొవ్వు పురుగులది. పొందూరు దగ్గరి ఆ ఊళ్లో ఈ సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలియదు. షెడ్డు వెనక డ్రమ్ముల్లో, కుళ్లిన కూరగాయల మీద ఈగ పురుగుల్ని పెంచి, ఎండబెట్టి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన కొవ్వును తీసి దాచేవాడు. మేతలోకి నూనె కొనే తాహతు లేదు. చలికాలంలో ఆ బలం లేకపోతే కోడి ఎదగదు. రెండు నెలలు ముక్కు మూసుకుని కష్టపడితే, కోళ్లకు పెట్టింది పోగా నాలుగు కిలోలు మిగిలింది. చల్లారితే తెల్లగా గేదె నెయ్యిలా పేరుకుంటుంది. భార్య స్వర్ణకు కూడా డ్రమ్ముల్లో ఉన్నది ఎరువనే చెప్పాడు.

వేసవిలో ఎండదెబ్బకు సగం కోళ్లు పోయాయి. మిగిలిన నూటయాభై రంగు కోళ్లు చూపుకు నాటుకోళ్లలాగే ఉంటాయి. వాటన్నిటినీ క్రిస్మస్‌కు కొంటామని చర్చి సంఘం వాళ్లు మాటిచ్చారు. పురుగుల సంగతి పొక్కితే ఒక్కడూ కొనడు, షెడ్డు మూసుకోవాల్సిందే. ఆ భయంతోనే అతను ముందే చర్చికి వెళ్లిపోయిన స్వర్ణకు ఫోను చేశాడు.

"నెయ్యి డబ్బాయేనా? నాకాడే ఉన్నాది," అంది స్వర్ణ. "కోత పండగకని ఉంచిన గుమ్మడికాయ కుళ్లిపోనాది. ఏటి పట్టుకెళ్లాలా అని సూస్తంటే అది కనిపించినాది. దేవుడికని తెచ్చి దాసినారు, నాకొక్క ముక్కైనా సెప్పనేదు."

పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆమె గొంతులో అంత ప్రేమ అతను వినలేదు. నిజం చెప్పడానికి నోరు రాలేదు.

కోత పండుగ నాడు ఇంటింటి కానుకలూ వేదిక ముందు పెట్టి, ఆరాధన అయ్యాక వేలం వేయడం, ఆ తర్వాత అందరూ కలిసి ప్రేమ విందు తినడం ఆ సంఘం ఆనవాయితీ. డేవిడ్‌రాజు వెళ్లేసరికి డబ్బా అరటి గెలల మధ్య బంతిపూల దండ వేసుకుని కూర్చుంది. పాస్టరు గారు మిగతా కానుకలతో పాటు దాన్నీ ఆశీర్వదించారు.

ఎత్తుకుపోలేడు గనుక పాడుకుందామనుకున్నాడు. రెండొందలన్నాడు. అక్కడే కొంప మునిగింది. కానుక వేసేటప్పుడు కూడా చిల్లర వెతుక్కునే మనిషని అతనికి పేరు. అలాంటివాడు తానిచ్చిన నెయ్యిని తానే పాడుకుంటున్నాడంటే, అది మామూలు నెయ్యి కాదని సంఘ పెద్ద పాల్‌కు అనిపించింది. పాల్ స్వర్ణకు అన్న. ఎవరి దగ్గరా తగ్గే రకం కాదు.

"మూడొందలు."

"నాలుగు."

"ఏటి బావా, ఇచ్చింది మళ్లీ పట్టుకుపోతావేటి? ఎయ్యి."

డేవిడ్‌రాజు జేబులో వెయ్యి లేదు. సాయంత్రం పాల్ ఇంటికెళ్లి ఏదో మాయ చేసి డబ్బా మార్చేద్దామనుకున్నాడు. అయితే పాల్ దాన్ని ఇంటికి పంపలేదు.

"నాకొద్దు. సంగానికే ఇచ్చేస్తన్నాను. ప్రేమ విందు పలావులో ఏసియ్యండి," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

డేవిడ్‌రాజు వెనక పాకకు పరుగెత్తేసరికి వంటలు చూసే కాంతం సగం డబ్బా గుండిగలో వేసేసింది.

"ఆగు కాంతమ్మా. అది ఎయ్యకు."

"పాటలో దక్కనేదని కుళ్లేటి నీకు? ఎల్లి కూకో."

రెండు వందల మంది విస్తళ్ల ముందు కూర్చున్నారు. ముందు వరసంతా పిల్లలు. వాళ్లను చూశాక డేవిడ్‌రాజుకు నిజంగానే ఏడుపొచ్చింది. చెబితే తన బతుకు పోతుంది, ఊరుకుంటే ఆ పిల్లలకు ఏమవుతుందో తెలియదు. "నేనొక మాట సెప్పాల," అని నిలబడ్డాడు.

కళ్లలో నీళ్లతో ఎవరైనా నిలబడితే ఆ సంఘంలో అది దేవుడి మేలు గురించి చెప్పే సాక్ష్యమే. పాస్టరు గారు మైకు అందించారు. "తప్పు సేసినాను," అంటే అందరూ "స్తోత్రం" అన్నారు. "మీ అందరికాడా దాసినాను," అంటే ఇంకా గట్టిగా అన్నారు. ఒక ముసలమ్మ పాట కూడా ఎత్తుకుంది. ఆ పాట మూడు చరణాలూ అయ్యేదాకా అతను ఏడుస్తూ నిలబడాల్సి వచ్చింది.

"అది నెయ్యి కాదు. పురుగుల కొవ్వు. మా కోళ్లకి పెడతన్నాను," అన్నాడు చివరికి. ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు.

పలావు గొయ్యి తీసి కప్పెట్టారు. పిల్లలు తలో అరటిపండూ తిని ఇళ్లకు పోయారు. ఈ ఏడు అందరూ జగ్గమ్మ నాటుకోళ్లే కొనాలని పాల్ మైకులో ప్రకటించాడు. జగ్గమ్మ పక్క వీధిలో ఉంటుంది. ఆమె కోళ్లు పొద్దస్తమానం పెంటకుప్ప కెలికి పురుగులు ఏరుకు తింటాయి. ఆ మాట గుర్తుచేసే ఓపిక డేవిడ్‌రాజుకు లేకపోయింది.

"పద్దెనిమిదేళ్లకి ఒక్కపాలి మంచోరనుకున్నాను," అంది స్వర్ణ ఇంటికొచ్చాక. ఆ తర్వాత వారం దాకా మాట్లాడలేదు. కోళ్ల బేరం పోయినదానికంటే ఆ మాటే అతన్ని ఎక్కువ బాధ పెట్టింది.

క్రిస్మస్ నాలుగు రోజులుందనగా, స్వర్ణ స్త్రీల కూటానికి వెళ్లిన వేళ, జగ్గమ్మ రెండు ట్రాలీ ఆటోలతో షెడ్డు ముందు దిగింది.

"నాకాడ ఉన్నవి పన్నెండు కోళ్లు, బాబూ. మీ సంగపోళ్లు నూటయాబై కావాలన్నారు. నీ రంగు కోళ్లు సూపుకి నాటువే కదా, ఇచ్చియ్యి."

"ఇవి పురుగుల కొవ్వు తిన్నవి, జగ్గమ్మా."

"నావి పచ్చి పురుగులే తింటాయి. నువ్వు ఉడకబెట్టి పెట్టినావు. నయమే కదా."

డేవిడ్‌రాజు కోళ్లన్నీ ఇచ్చేశాడు. బతికిపోయినందుకు సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక ఖాళీ షెడ్డు రెండుసార్లు ఊడ్చాడు. పలాస నుంచి ఎవరో వచ్చి పట్టుకుపోయారని స్వర్ణకు చెప్పాడు.

క్రిస్మస్ ముందురోజు స్వర్ణ సంచిలో ఒక కోడిని తెచ్చి పెరట్లో దించింది.

"సూడండి, కోడంటే ఇది. జగ్గమ్మ రేటు డబలు సెప్పినాది. అయితే అయినాది, పురుగు ముట్టని కోడి ఇంకెక్కడ దొరుకుతాది?"

కాళ్లకు కట్టిన తాడు విప్పగానే కోడి తిన్నగా డేవిడ్‌రాజు దగ్గరికి వచ్చి మేత కోసం నిలబడింది.