తడిదా, పొడిదా?

లిఫ్టులకు బ్రేకులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసే ఉద్యోగం ఆయనది. ఆ అలవాటు కారులోకీ పాకింది. ఆయన కారు వెనకాల ఎర్రదీపాలు ఆరి ఉండగా చూసినవాడు ఆ వీధిలో లేడు. అందుకే స్నేహితులంతా కలిసి ఆయనకు బ్రేకేశ్వరరావని నామకరణం చేశారు. అసలు పేరు ఒకటుంది గానీ, అది జీతమిచ్చే ఆఫీసుకు తప్ప ఎవరికీ అక్కర్లేదు.

మరి అలాంటి మనిషికి ఎలాంటి కారు ఉండాలి? ఉన్నది మాత్రం రెండే తలుపుల ఎర్రకారు. స్టార్టు చేస్తే వీధి చివర పసిపిల్లలు లేచి ఏడుస్తారు. పాత ఇనుము కొట్టులో తుప్పుపట్టి పడి ఉన్నదాన్ని తెచ్చి, ఆదివారాలన్నీ ధారపోసి, ఒక్కొక్క బోల్టే బిగించి మనిషిని చేశాడు. ఆయన దాన్ని ఎర్రపిల్ల అంటాడు. ఆయన భార్య సవతి అంటుంది.

"ఏవండీ, మా సవతికి స్నానం అయిందా? అయితే మీరు కూడా చేసి రండి, కాఫీ చల్లారిపోతోంది."

ఈ సంసారం ఇలా సాఫీగా సాగిపోయేదే. మధ్యలో తోడల్లుడు వచ్చాడు.

ఊరి బయట విమానాలు దిగడం మానేసిన రన్‌వే ఒకటుంది. కార్ల క్లబ్బువాళ్లు ఏడాదికోసారి అక్కడ పోటీ పెడతారు. కిందటిసారి తోడల్లుడి టర్బో కారు మన ఎర్రపిల్లను చిత్తుగా ఓడించింది. మొన్న భోజనాల దగ్గర ఆ మాటే ఎత్తాడు.

"అన్నయ్యా, పోయినేడు నువ్వు నాతో పోటీకి వచ్చావా, నన్ను సాగనంపడానికి వచ్చావా?"

అందరూ నవ్వారు. వడ్డిస్తున్న అత్తగారు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బ్రేకేశ్వరరావుకు ఒళ్లు మండింది.

"ఈసారి నీ చేతిలో ఓడితే ఎర్రపిల్లను అమ్మేస్తాను! ఇదే నా మాట!"

కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. భార్య వైపు చూశాడు. ఆవిడ నవ్వడం లేదు.

మర్నాడే, అందరూ స్పానర్ అని పిలిచే మెకానిక్ దగ్గరికి పరిగెత్తాడు. స్పానర్ పన్నునొప్పితో బుగ్గ ఉబ్బిపోయి, సగం నోటితో మాట్లాడుతున్నాడు.

"నైట్రస్ పెట్టిద్దాం సార్. ఆ గ్యాసు ఇంజన్లోకి వదిలామంటే పెట్రోలు భగ్గున మండుద్ది, బండి ఎగిరి దూకుద్ది. రోడ్డు మీద మాత్రం వాడకూడదు, రన్‌వే మీదే. ఏది కావాలో చెప్పండి, తడిదా, పొడిదా?"

పొడిదంటే గ్యాసు ఒక్కటే వెళ్తుంది, కావలసిన పెట్రోలు ఇంజనే చూసుకోవాలి. తడిదంటే గ్యాసూ పెట్రోలూ కలిసి వెళ్తాయి. ఇక ఎంత బలం అదనంగా కావాలన్నది ఇంకో లెక్క. దాన్ని షాట్ అంటారు. డెబ్బై అయిదు గుర్రాల బలమైతే డెబ్బై అయిదు షాట్. పెళ్లిచూపులకు కూడా ఇంత ఆలోచించలేదు పాపం బ్రేకేశ్వరరావు. నిర్ణయం తేలక ఇంటికొచ్చి, బాల్కనీ తలుపు వేసుకుని స్పానర్‌కి ఫోన్ చేశాడు. తలుపైతే వేశాడు గానీ కిటికీ సంగతి మరిచాడు. ఆ కిటికీ పక్కనే అత్తగారు కూర్చుని స్వెట్టర్ అల్లుకుంటోంది.

"పొడిది వద్దులే, తడిదే బాగుంటుంది... డెబ్బై అయిదు ఏ మూలకిరా? నూటయాభై కొట్టాల్సిందే... ఆ, ఒక్కసారే, గడగడా... ఏమిటీ, బాటిల్ చల్లగా ఉంటే ఎక్కదా? వెచ్చగా ఉండాలా? సరే, తెచ్చి ఇంట్లోనే దాస్తా... మా ఆవిడకి తెలిస్తే మాత్రం కొంప మునిగినట్టే!"

అత్తగారి చేతిలో సూది ఆగిపోయింది. కూతురు క్లినిక్ నుంచి రాగానే వంటింట్లోకి లాక్కెళ్లింది.

"నీ మొగుడు తాగుడు మొదలెట్టాడే అమ్మాయ్! చుక్క ముట్టని మనిషి, ఏకంగా నూటయాభైట! అదీ వెచ్చబెట్టుకుని!"

"ఆయనా? కాఫీ చల్లార్చుకుని తాగే మనిషమ్మా ఆయన."

"నా చెవులతో విన్నానే!"

బ్రేకేశ్వరరావు భార్య పళ్ల డాక్టర్ దగ్గర నర్సు. ఆ సాయంత్రం మొగుణ్ణి దీపం కింద కూర్చోబెట్టి, "నోరు తెరవండి, హా అనండి" అంది. పళ్లు చూస్తోందనుకుని బ్రేకేశ్వరరావు ఇంతింత నోరు తెరిచాడు. పక్కనుంచి అత్తగారు కూడా ముక్కు పెట్టి వాసన చూసింది.

"అత్తయ్యగారూ, మీరెందుకండీ?"

"ఏం లేదు బాబూ, దంతాలు ముత్యాల్లా ఉన్నాయని చూస్తున్నా."

తర్వాత నాలుగు రోజులూ ఆయనకు అడక్కుండానే నిమ్మరసం అందింది. అల్లుడంటే ఇప్పుడు గౌరవం పెరిగిందనుకుని మురిసిపోయాడు.

ఇంతలో ఇంట్లో రెండు వస్తువులు మాయమయ్యాయి. ఒకటి అత్తగారి శాలువా, రెండోది ఆవిడ మోకాళ్లకు కాపడం పెట్టుకునే వేడినీళ్ల సంచి. ఇల్లంతా గాలించారు. బీరువా అడుగు అరలో దొరికాయి. శాలువాలో ఒక నీలం రంగు సీసా, దాని పక్కన వేడినీళ్ల సంచి. పసిగుడ్డును పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాడు మహానుభావుడు.

అత్తగారు పెట్టిన కేకకు బ్రేకేశ్వరరావు గడ్డం సబ్బుతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఏమిటండీ ఇది?" అంది భార్య.

"అది... అది ఆక్సిజన్. మెట్లెక్కుతుంటే అత్తయ్యగారు ఆయాసపడుతున్నారని ముందుజాగ్రత్తకి..."

"నాకప్పుడే ఆక్సిజనా!" అంది అత్తగారు గుండె మీద చెయ్యేసుకుని. "ఇంకా నయం, మొయ్యడానికి నలుగుర్ని పిలవలేదు!"

భార్య సీసా తిప్పి దాని మీద కాగితం చదివింది. ఒక్క క్షణం చూసి, మంచం మీద కూలబడి పడీపడీ నవ్వింది.

"అమ్మా, ఇది తాగేది కాదే, పీల్చేది. నైట్రస్. సీటెక్కాలంటే భయపడేవాళ్లకి మా క్లినిక్‌లో రోజూ పెట్టేది ఇదే, నవ్వుల గ్యాసు. కాకపోతే ఇది కారుకి."

"కారుకి పన్నునొప్పేమిటే?"

ఇక దాచి లాభం లేదు. బ్రేకేశ్వరరావు తడిదీ పొడిదీ అంతా కక్కేశాడు. "దాన్ని అమ్ముకోలేనోయ్. నీకు నవ్వులాటగా ఉంటుంది. నా పదేళ్ల ఆదివారాలు అందులో ఉన్నాయి."

ఆవిడ నవ్వు ఆపేసింది.

"ఎంత పెట్టిస్తున్నారు?"

"నూటయాభై."

"ఇంజను ఎంత తట్టుకుంటుందన్నాడు స్పానర్?"

"డెబ్బై అయిదు," అన్నాడు చిన్నగా. "ఆ పైన పిస్టన్లు కరుగుతాయిట. కానీ అది వాడి పిరికితనం."

"నవ్వు నాలుగు విధాల చేటన్నారు. ఈ గ్యాసు శ్రుతిమించితే అయిదో విధం కూడా ఉంది. మేం ఎవరికైనా కొంచెం కొంచెంగానే ఇస్తాం. డెబ్బై అయిదే పెట్టించండి. ముందు ఆ వేడినీళ్ల సంచి తియ్యండి దాని పక్కనుంచి."

"అలాగే. నీ మీద ఒట్టు."

"నా మీదొద్దు. సవతి మీద వెయ్యండి."

బ్రేకేశ్వరరావు రెండడుగులు వెనక్కి వేశాడు. "చీ, కారు మీద ఎవరైనా ఒట్టేస్తారా?" అని గడ్డం గీసుకునే వంకతో జారుకున్నాడు. ఆవిడ ఆ వెళ్లే వీపునే చూస్తూ నిలబడింది.

తిన్నగా స్పానర్ దగ్గరికెళ్లి నూటయాభైకే బిగించమన్నాడు. స్పానర్ తల కొట్టుకుని బిగించాడు. "ఒక్క మాట గుర్తుపెట్టుకోండి సార్. గ్యాసు స్విచ్చి వేసి, ఎర్రదీపం వెలిగాక యాక్సిలరేటర్ పెడల్ నేలకి ఆనేదాకా తొక్కాలి. పూర్తిగా తొక్కితేనే గ్యాసు వస్తుంది. సగం తొక్కితే చుక్క కూడా రాదు."

పోటీ ఆదివారం రానే వచ్చింది. అత్తగారు కొత్త స్వెట్టర్‌తో, తోడల్లుడు నల్లకళ్లద్దాలతో దిగారు. ఎర్రపిల్లా టర్బో కారూ పక్కపక్కన నిలబడ్డాయి. బ్రేకేశ్వరరావు బోనెట్ మీద చెయ్యేసి, "తల్లీ, నా పరువు నీ చేతుల్లో ఉంది" అన్నాడు. లోపలికెక్కి స్విచ్చి వేశాడు. ఎర్రదీపం వెలిగింది.

జెండా కిందికి దిగింది. కాలు పెడల్ మీద పడింది. సగం దాకా వెళ్లి, అలవాటు ప్రకారం ఆగింది. "పూర్తిగా తొక్కితేనే" అన్న స్పానర్ మాట చెవుల్లో మోగింది. కళ్లు మూసుకోబోయి, అది మరీ అన్యాయమని తెరిచి, పళ్లు బిగబట్టి నేలకి ఆనేదాకా తొక్కాడు.

ఎర్రపిల్ల గావుకేక పెట్టి దూకింది. వీపు సీటుకు అతుక్కుపోయింది. పక్కన టర్బో కారు కనిపించింది, తర్వాత కనిపించలేదు. ఆయన "అమ్మోయ్, గ్యాసోయ్!" అని అరుస్తూనే గీత దాటేశాడు. ఆ తర్వాతే బ్రేకు మీద కాలు వేశాడు.

దిగేసరికి చుట్టూ జనం. బ్రేకేశ్వరరావు కాలు నేలమీద ఆనలేదు. "చూశారా నూటయాభై మహిమ! పిస్టన్లు కరుగుతాయిట, పిస్టన్లు! గ్యాసు ఎక్కగానే నా వెన్నులో ఝల్లుమంది. దాని దెబ్బే వేరు! స్పానర్‌కేం తెలుసు, మా ఆవిడకేం తెలుసు!"

అన్నాక చూసుకుంటే ఆవిడ పక్కనే ఉంది. చెయ్యి పట్టుకుని డిక్కీ వెనక్కి తీసుకెళ్లింది. చేతిసంచిలోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసింది. పీకిన పన్నును రోగులకిచ్చి పంపే కవరు అది. లోపల పన్ను లేదు, వేలెడు తీగముక్క ఉంది.

"ఏమిటిది?"

"మీ గ్యాసు తీగ. శుక్రవారమే పీకించాను. దీపం వెలుగుతుంది, అంతే. మీ బాటిల్లో గ్యాసు ఉన్నది ఉన్నట్టే ఉంది."

బ్రేకేశ్వరరావు మొహం మాడిపోయింది. "నీకెవరు చెప్పారు?"

"ఇంకెవరు, స్పానరే. శుక్రవారం పన్ను పీకించుకోడానికి మా దగ్గరికే వచ్చాడు. భయపడుతుంటే కాస్త గ్యాసు పెట్టాం. అంతే, పకపకా నవ్వుతూ 'అక్కా, సార్‌కి నూటయాభై బిగించేశానక్కా!' అని మొత్తం కక్కేశాడు. నొప్పి తగ్గాక వాడి చేతే తీగ పీకించాను."

"మరి... మరి నేను ఎలా గెలిచాను?"

"పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పెడల్ పూర్తిగా తొక్కారు. పోయినేడు కూడా అదే కారు. మీ కాలే సగంలో ఆగిపోయింది." ఆవిడ కవరును గుప్పిట్లో బిగించింది. "కారు పోతే పోనీ అనుకున్నాను. ఆ ఇంజను పేలి మీకేమన్నా అయితే నేనేం కావాలి? ఆ తీగ పీకించేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు తెలుసా!"

బ్రేకేశ్వరరావు తల వంచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "తప్పయిపోయిందోయ్. ఇకనుంచి ఒట్టు వెయ్యమన్న చోటే వేస్తాను."

అంతలో తోడల్లుడు నల్లకళ్లద్దాలు నెత్తిమీదికి తోసుకుని రొప్పుతూ వచ్చాడు. "అన్నయ్యా, ఒప్పుకున్నాను! వచ్చే ఏడు నేనూ పెట్టిస్తా. చెప్పు, ఏ గ్యాసు కొట్టావు? తడిదా, పొడిదా?"

బ్రేకేశ్వరరావు నోరు తెరిచి, భార్య మొహం చూసి, మూసేశాడు.

"బజారుది కాదు మరిదిగారూ, ఇంట్లో తయారైందే," అంది ఆవిడ తీగముక్కను సంచిలో వేసుకుంటూ. "మా పెళ్లయినప్పటినుంచీ ఈయన నాకు గ్యాసు కొడుతూనే ఉన్నారు."