డిక్కీ మూతోద్ధరణము

సకల జనులును స్నానమునకు బద్ధకించు ఆదివారమున, సూర్యభగవానుడు ఎదురింటి నీళ్ళ ట్యాంకు మీదికెక్కి వీధిలోనికి తొంగిచూచు వేళ, సరిగ్గా తొమ్మిది గంటల పదిహేడు నిమిషములకు (పదిహేడనగా పదిహేడే, ఏలనన ఇది గడియారములు బాగుచేయువాని ఇల్లు), తలుపు పూర్తిగా తెరచినచో గోడకు గీసికొనునట్టి ఇరుకు రేకుల షెడ్డను రణభూమియందు, యాబదియేండ్ల ప్రాయము గలదియు, గగననీలవర్ణశోభితయు, అక్కడక్కడ తుప్పుతిలకాలంకృతయు నగు ఒక పాత కారు వెనుక, నడుమున చేతులు పెట్టుకొని నిలుచుండెను మన కథానాయకుడు.

అతడు సామాన్యుడు కాడు. వెంట్రుకకన్న సన్నని స్ప్రింగులను పట్టుకారు కొనతో లొంగదీసిన సూక్ష్మయంత్రవిజేత. ముప్పదియేండ్లుగా ఊరివారి కాలమును ఆగనీయక నడిపించినవాడు. అంతటివాడు ఆ ఉదయమున ఒక రేకు మూత ముందు తల గోకికొనుచుండెను.

కారణము వినుడు. ఆ కారు డిక్కీ మూతను నిలబెట్టు పాత స్ప్రింగు ఏనాడో విరిగి వీరస్వర్గమలంకరించెను. నాటినుండి పదకొండేండ్లుగా ఆ మూతను మోసినది అతని ఇల్లాలు. ఆమె బడిపిల్లల యూనిఫారములు కుట్టు దర్జీ. ప్రతి సోమవారము ఉదయము ఆమె మూత ఎత్తి పట్టుకొనును. అతడు లోన తల దూర్చి బట్టల మూటలు సర్దును. పిమ్మట ఇరువురును ముందు సీట్లలో కూర్చుండి, దారి పొడుగునా పోట్లాడుకొనుచు బడి బడికి తిరుగుదురు. వారమంతయు దుకాణములో ఒంటికంటికి భూతద్దము తగిలించి పనిచేయు మన వీరునకు ఆ పోట్లాటయే విహారయాత్ర. ఇప్పుడామె కుడి భుజము పట్టివేసెను. చేయి భుజము దాటి ఎత్తరాదని డాక్టరు ఆజ్ఞాపించెను. నిన్న మధ్యాహ్నము అన్నము వడ్డించుచు ఆమె తన తీర్పు వినిపించెను.

"చూడండి, రేపు సాయంత్రానికి ఆ మూత దానంతటది నిలబడిందా, సరే. లేదంటే సోమవారం నుంచి మూటలు అద్దె వ్యాన్‌లో పోతాయి, నేనూ వ్యాన్‌లోనే పోతాను. మీరూ మీ కారూ షెడ్డులో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోండి."

ఆ పలుకు నిశితశరమై అతని గుండెలో నాటెను. పైకి మాత్రము "కూరలో ఉప్పు తగ్గింది" అనెను.

అందుకే అట్టపెట్టె గర్భమునుండి వెలికి వచ్చినవి ఆ రెండు గ్యాస్ స్ట్రట్లు: లోపల వాయువును బిగబట్టుకొని, ఎత్తిన మూతను ఎత్తినట్లే నిలిపియుంచు నల్లని జంట రాడ్లు. సహాయసేనాపతిగా విచ్చేసినవాడు బావమరిది. అతడు భూములు కొలుచు సర్వేయరు. జేబులో టేపు లేనిదే పెళ్ళికైనను పోనివాడు.

మూత ఎత్తిరి. దానికింద ఒక కర్ర ఆనించిరి. ఇరుపక్కలను డిక్కీ అంచున ఒకటి, మూతకొకటి, గుండ్రని తలల బోల్టులు బిగించిరి. అంతవరకు దిగ్విజయమే. రాడ్డు కింది కొనను కింది బోల్టుకు తొడిగిరి. పై కొన మాత్రము పై బోల్టును లెక్కచేయక, దానిని దాటి నాలుగు వ్రేళ్ళు ముందుకు పోయి నిలిచెను.

సర్వేయరు కత్తి దూసినట్లు టేపు దూసెను.

"రాడ్డు పొడుగు బావా. నాలుగు వేళ్ళు ఎక్కువ. కొలత కొలతే."

"షాపువాడు వేరే కారుది అంటగట్టాడంటావా?"

"అంటగట్టడమేంటి, నిన్ను చూసి ముచ్చటపడి కొసరేశాడు."

ఫోను మోగించిరి. షాపువాడు శాంతమూర్తి. "మూత పూర్తిగా ఎత్తారా సార్?" అని అడిగెను.

"ఎత్తకుండా నీకు ఫోనెందుకు చేస్తానయ్యా! ముప్పై ఏళ్ళుగా స్ప్రింగులతో కాపురం చేస్తున్నవాణ్ణి!"

"అయితే సరిపోవాలి సార్."

"సరిపోలేదు కాబట్టేగా చేశాను!"

ఇట్లు సంధి విఫలమాయెను. అప్పుడు మన వీరుడు అరుణీకృతలోచనుడై ఆ రాడ్డును చూచి, "ఓరీ కృష్ణకాయా! వాయుగర్భా! దురహంకారదండమా! వ్రేలిగోరంత గడియారమున కాలచక్రమునే బంధించిన ఈ హస్తములకు నీవొక లెక్కయా? నిన్ను కుదించి, ఈ బోల్టు పాదములకు ప్రణమిల్లజేయనేని, నేను పట్టుకారు పట్టినవాడనే కాను!" అని మనమున గర్జించి, పైకి "ఒరేయ్, ఆ కొన పట్టుకో" అనెను.

పిదప జరిగిన ద్వంద్వయుద్ధమును వర్ణింప వేయి నాలుకలు చాలవు. రాడ్డును నేలకు నిలిపి ఇరువురును నొక్కిరి. వారి మోకాళ్ళు వంగెను గాని అది వంగలేదు. గోడకానించి తోసిరి, గోడ సున్నము రాలెను. తుదకు సర్వేయరు తన స్థూలకాయమునంతయు దానిపై మోపగా, రాడ్డు పక్కకు జారి, ఖణేలుమని బకెట్టును బోర్లించి, కారు కిందికి దొర్లిపోయెను.

"ఏంటి పడింది?" అని కిటికీనుండి ఇల్లాలి గొంతు.

"ఏం లేదు!" అని ఇరువురును ఏకకంఠమున పలికిరి.

"ఏం లేనిదానికి అంత చప్పుడా?"

మెడలో కొలతల టేపు, పెదవుల నడుమ గుండుసూది, ఎడమచేత కుడి భుజము పట్టుకొని ఆమె షెడ్డులోనికి వచ్చెను. రాడ్డు వంక చూడనే లేదు. మూత వంక చూచెను. సూదిని తీసి కొంగుకు గుచ్చెను.

"మూత ఇంత కిందికుందేంటి?"

"కిందికా? పూర్తిగా ఎత్తాం అక్కా. కర్ర కూడా పెట్టాం."

"కర్ర అంతే ఉంది కాబట్టి మూత అంతే ఉంది. అది ఇంకా పైకి పోతుందిరా."

"పోదే, కీలు విరుగుతుంది" అనెను గృహస్థుడు. "నాకు తెలీదా? ఈ డిక్కీలో పదకొండేళ్ళుగా మూటలు సర్దుతున్నాను."

"సర్దారు, కాదన్నానా? తల లోపల పెట్టి సర్దారు. పైన ఏం జరుగుతోందో ఎప్పుడైనా చూశారా?"

వీరుడు మనోనేత్రమున ఆ సోమవారములన్నియు తిప్పి చూచుకొనెను. మూటల ముడులు కనబడెను. స్టెప్నీ కనబడెను. తుప్పు మరకలు ఒక్కొక్కటే కనబడెను. మూత పట్టుకొన్న చేయి మాత్రము ఎంత వెదకినను కనబడలేదు.

"ఎత్తండి" అనెను ఆమె.

ఇరువురును ఎత్తిరి.

"ఇంకా."

"ఆగిపోయిందే."

"అది ఆగలేదు, మీరు ఆగారు. ఇంకా."

కీలు కిర్రుమనెను. మూత మాత్రము చిరకాలబంధవిముక్తమై ఊర్ధ్వలోకములకు మరి నాలుగు వ్రేళ్ళు ఎగసి, అక్కడ నిజముగా ఆగెను. సర్వేయరు కారు కింద దూరి రాడ్డును బందీగా పట్టి తెచ్చెను. కింది కొన టక్. పై కొన, ఎవ్వరును నొక్కకుండగనే, టక్. రెండవ పక్కను అట్లే రెండు టక్కులు.

ఇక కర్ర తీయవలసియుండెను. సర్వేయరు దానిమీద చేయి వేసి బావ వంక చూచెను. బావ ముందుకు వచ్చి, మూత పడినచో సరిగ్గా తన నెత్తిన పడు చోటనే పోయి నిలిచెను.

"తల తియ్యండి ముందు" అనెను ఇల్లాలు. "ఈ వేషాలు నాకొద్దు."

"నిన్ను పదకొండేళ్ళు నిలబెట్టాను. ఒక్క నిమిషం నన్నూ నిలబడనీ."

ఆమె తమ్మునివంక తల ఊపెను. కర్ర తొలగెను.

వాయువు స్తంభించెను. ఈగ ఒకటి మూత మీద వాలెను. సర్వేయరు ఆ అదనపు భారమునకు ఊపిరి బిగబట్టెను. అర నిమిషము గడచెను. నిమిషమును గడచెను. ఈగయే విసిగి పోయెను.

అప్పుడామె మూతను దించి మూసి, మరల ఎడమచేతి రెండు వ్రేళ్ళతో మీటెను. అది పెరుగుచున్న పిల్లవానివలె తనంత తానే లేచి నిలిచెను. ఆమె మరల మూసెను, మరల తెరచెను. అవసరము లేకున్నను మూడవమారును తెరచెను.

"రేపు ఏడున్నరకే బయల్దేరాలి" అనెను. "అరవై జతలున్నాయి. మధ్యలో ఎక్కడో ఆపి, ఎవరి గోడగడియారమో చూస్తానని దిగారంటే ఊరుకోను."

"దిగను. సందు మలుపు దగ్గర మాత్రం ఒక్క..."

"చూశావుట్రా తమ్ముడూ?"

కావున జనులారా, తెలిసికొనుడు! ఆ ఆదివారమున పదకొండు గంటల మూడు నిమిషములకు, ఇరుకు షెడ్డులో, ఒక కారు డిక్కీ మూత ఎవ్వరి సాయమును లేక నిలిచెను. పుష్పవృష్టి కురియలేదు, కొంత సున్నము రాలెను. దుందుభులు మ్రోగలేదు, పక్కింటి కుక్కరు మూడు కూతలు కూసెను. పదకొండేండ్లుగా పైకెత్తియున్న ఒక చేయి మాత్రము, ఆ వేళ మెల్లగా కిందికి దిగెను. జయము! జయము!