కషాయం గారి పిడుదుల వేట

శనివారం ఉదయం కషాయం గారి కార్యక్రమం చాలా తేలిక. ఏడింటికి లేవాలి, ఎనిమిదింటికి మేడమ్ గారి కుక్కను అందుకోవాలి, సోమవారం దాన్ని అంతే శుభ్రంగా తిరిగి అప్పగించాలి. మధ్యలో వేళకు తిండి పెట్టడం, పొద్దునా సాయంత్రం వీధిలో తిప్పడం తప్ప వేరే పని లేదు. ఎవరికి అప్పగించినా సాఫీగా జరిగిపోయే పని. ఖర్మ కాలి దాన్ని యాభై నాలుగేళ్ల మహాజ్ఞానికి అప్పగించారు.

నీటి సరఫరా కార్యాలయంలో సూపరింటెండెంటుగా పనిచేసే ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఎవరికి ఏ జబ్బు చేసినా ఆకో, బెరడో, వేరో ఉడికించి తాగమని చెప్పీ చెప్పీ ఆయన కషాయం గారైపోయారు. ఒకసారి టైపిస్టు దగ్గుకి ఆయన చెప్పిన కషాయం తాగి మూడు రోజులు గొంతు పోగొట్టుకుంది. "దగ్గు తగ్గిందా లేదా?" అన్నది ఆయన వాదన. గొంతే పెగలనప్పుడు దగ్గు ఎక్కణ్ణుంచి వస్తుంది? రెండు నెలల క్రితం కళ్లజోడు కూడా సొరుగులో పడేశారు. రోజూ పావుగంట పచ్చదనం వైపు చూస్తే చూపు దానంతటదే తిరిగొస్తుందట. చూపు రాలేదు గానీ, పక్కింటావిడ వచ్చి, మా పెరట్లోకి అలా గుడ్లప్పగించి ఎందుకు చూస్తున్నారని అడిగి వెళ్లింది.

ఆ కుక్క కార్యాలయంలో అందరికంటే పై అధికారిణి అయిన ఇంజనీరు మేడమ్‌ది. తెల్లగా, దూది మూటలా ఉంటుంది. పేరు బంగారం, మగకుక్క. మేడమ్ రెండు రోజులకి అక్కగారింటికి వెళ్లాల్సి వచ్చింది. ఖాళీగా ఉన్న పరిపాలనాధికారి కుర్చీకి పేరు సిఫారసు చెయ్యాల్సింది కూడా ఆవిడే. అందుకే కుక్కని చూసుకోవడానికి కార్యాలయంలో అందరికంటే ముందు చెయ్యెత్తింది కషాయం గారు.

"వీడికి ప్రత్యేకంగా ఏమీ చెయ్యకండి. పెట్టింది తింటాడు, పడుకుంటాడు. అంతే," అంది మేడమ్, తాడు చేతికిస్తూ.

"మీరు నిశ్చింతగా వెళ్లి రండి మేడమ్. కడుపున పుట్టిన బిడ్డలా చూసుకుంటాను."

మేడమ్ కారు మలుపు తిరగ్గానే బంగారం వసారాలో వెల్లకిలా పడుకుని, పొట్ట నిమరమన్నట్టు నాలుగు కాళ్లూ పైకెత్తింది. కషాయం గారు నిమిరారు. చేతికి ఏదో గరుకుగా, చిన్న బుడిపెలా తగిలింది. పక్కన ఇంకొకటి. ఆయన మొహం కిందకి దించి, కళ్లు చికిలించి చూశారు. దట్టమైన తెల్లటి బొచ్చులో నల్లగా, మినపగింజల్లా ఉన్నాయి. లెక్కపెట్టారు. ఎనిమిది.

"ఇదిగో, ఇటు రా! పిడుదులు! ఎనిమిది! రక్తం తాగి బలిసి ఉన్నాయి!" అని కేకేశారు.

ఆయన భార్య పెద్దాసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. డ్యూటీకి వెళ్లే హడావుడిలో చెప్పులు వేసుకుంటూ, "వీధి చివరే కదండీ పశువుల ఆసుపత్రి. డాక్టర్ గారికి చూపించండి," అంది.

"ఆయన చూసేదేముంది? కెమికల్ పూస్తాడు. పిడుదులతో పాటు కుక్క కూడా పోతుంది. మొక్కల రసాల్లో ఎంత శక్తి ఉందో మీకెవరికీ తెలీదు."

"మేడమ్ గారు ఏమీ చెయ్యొద్దన్నారు కదా?"

"అంటే మందులు వెయ్యొద్దని. ఇది మందు కాదుగా, ఆకు!"

"ఆకో, అలమో. నా వంటింటి జోలికి మాత్రం వెళ్లకండి," అని ఆవిడ బస్సుకి పరుగెత్తింది. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆవిడ చెప్పిన ఏ ముక్కా ఆయన చెవికెక్కలేదు. ఇదొక్కటీ ఎందుకు ఎక్కాలి?

ముందుగా ఆయన ఫోన్ తీసి కార్యాలయం గ్రూపులో ఒక సందేశం పెట్టారు: "మేడమ్ గారి కుక్కకు ఒంటినిండా పిడుదులు. ఎవరూ ఆందోళన చెందవద్దు. ప్రకృతి పద్ధతిలో నేను నిర్మూలిస్తున్నాను." ఆందోళన చెందవద్దన్న మాట చదివాకే అందరూ ఆందోళన చెందడం మొదలుపెట్టారు. ఆ కుక్క రోజూ మేడమ్ బల్లకింద పడుకుంటుంది. ఆ బల్ల దగ్గరికి ఫైలు పట్టుకుని వెళ్లనివాడు కార్యాలయంలో లేడు. పది నిమిషాల్లో టైపిస్టుకి మోకాలు దురద పెట్టింది. డ్రైవరుకి మెడ దురద పెట్టింది. పది రోజులుగా సెలవులో ఉండి, కుక్క మొహమే చూడని స్టోరు కీపరుకి కూడా ఒళ్లంతా దద్దుర్లు లేచాయి.

కషాయం గారు ఒక గోనె సంచి భుజాన వేసుకుని పంపుహౌసు వెనకున్న పొదల్లోకి వెళ్లారు. అక్కడ మేకలు మేస్తాయి. మనుషులెవరూ అటు పోరు. వేపాకు కోశారు, వావిలాకు కోశారు. పేరు తెలియని ఆకు ఒకటి ముక్కు పగిలేలా వాసనొస్తే అదీ కోశారు. ఘాటుగా ఉన్నదంతా గుణం కలదే అన్నది ఆయన సిద్ధాంతం. దారిలో గుప్పెడు పొగాకు కొన్నారు. "పాళ్లు ఎంతండీ?" అని ఫోన్లో డ్రైవరు అడిగితే, "పాళ్లూ గీళ్లూ కంపెనీల వాళ్లకి. మనకి అందాజు చాలు," అన్నారు.

ఆ అందాజు మొత్తాన్నీ ఇంట్లో ఉన్న అతి పెద్ద కుక్కర్లో కుక్కి, నీళ్లు పోసి, మూత బిగించి, పేపరు చదువుతూ కూర్చున్నారు. నలిగిన ఆకు ఒకటి ఆవిరి పోయే దారికి అడ్డం పడింది. కుక్కరు విజిల్ వెయ్యలేదు. వెయ్యకపోవడం ఆకుల మహత్యమనుకున్నారు ఆయన. పావుగంటకి వంటింట్లో చప్పుడైంది. పక్కింటావిడ గోడ దూకినంత పని చేసింది. మూత పైకప్పుకి కొట్టుకుని సింకులో పడింది. గోడలు, డబ్బాలు, గడియారం, అన్నీ ముదురాకు రంగులోకి మారాయి. ఆ సమయంలో ఆయన వంటింట్లో లేకపోవడం ఒక్కటే ఆ రోజు జరిగిన తెలివైన పని. అదీ ఆయన తెలిసి చేసింది కాదు.

అడుగున సగం మిగిలింది. వడగట్టడానికి తెల్లగా, శుభ్రంగా ఏదో బట్ట కనపడితే లాగారు. అది భార్య ల్యాబ్ కోటు.

సాయంత్రం ఆవిడ తిరిగొచ్చేసరికి వంటింటి గోడలు చెరువు గట్టులా ఉన్నాయి, కోటు పాచిగుడ్డలా ఉంది, వసారాలో ఒక ఆకుపచ్చ జంతువు వణుకుతూ కూర్చుని ఉంది. ఆవిడ గడపలోనే ఆగిపోయింది.

"ఇదేంటండీ?"

"బంగారం."

"రంగు గురించి అడుగుతున్నాను."

"రంగు అదే పోతుందిలే. పిడుదులే పోలేదు," అన్నారు ఆయన విచారంగా.

నిజమే. రెండుసార్లు స్నానం చేయించినా ఆ ఎనిమిదింట్లో ఒక్కటి కూడా కదల్లేదు. ఆదివారం ఉదయం మళ్లీ పొదల్లోకి వెళ్లి, సంచినిండా ఆకు కోసుకొచ్చి, మోతాదు మూడింతలు చేశారు. అయినా కదల్లేదు. ఎక్కడివక్కడే బారులు తీరి ఉన్నాయి. "మొండిఘటాలు," అన్నారు ఆయన, శత్రువును మెచ్చుకుంటున్నట్టు. ఈలోగా కార్యాలయం వాళ్లు ఒక్కొక్కరే గుమ్మంలో దిగారు. గోక్కుంటూ వచ్చారు, తలో సీసా కషాయం పట్టుకుని వెళ్లారు. సెలవు రోజున ఇంతమంది తన ఇంటికి రావడం కషాయం గారి జీవితంలో అదే మొదటిసారి. ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "ఒళ్లంతా దట్టంగా రాయండి. మంటపుడితే పని చేస్తున్నట్టు," అని అందరికీ చెప్పి పంపారు.

మధ్యాహ్నం ఆయనకి ఓపిక నశించింది. పట్టకారు తెచ్చి, బంగారాన్ని వెల్లకిలా తిప్పి, అన్నిటికంటే పెద్ద పిడుదుని గట్టిగా పట్టి లాగబోయారు. అప్పటిదాకా స్నానాలు, వాసన, అవమానం అన్నీ మౌనంగా భరించిన ఆ సాధు జంతువు ఒక్క అరుపు అరిచి ఆయన బొటనవేలు కొరికింది. న్యాయస్థానానికి వెళ్లినా తీర్పు కుక్క పక్షానే వచ్చేది.

భార్య ఆయన్ని పెద్దాసుపత్రికి ఈడ్చుకెళ్లి సూది వేయించింది. ఆ మందు ఏ ఆకుతో చేశారని ఆయన అడగలేదు.

సోమవారం ఉదయం నీటి సరఫరా కార్యాలయం గుమ్మం దాటగానే ఘాటు ముక్కుకి కొట్టింది. పధ్నాలుగు మంది లేతాకుపచ్చ రంగులో, మంట పుట్టిన చేతులు ఊదుకుంటూ కూర్చుని ఉన్నారు. కషాయం గారు ఒక చేత్తో బంగారాన్ని, ఇంకో చేత్తో గోనె సంచిని పట్టుకుని వచ్చి, ఎవరే ఆకు వాడాలో చూపించడానికి సంచిని హాలు మధ్య బల్లమీద బోర్లించారు. అందరూ చుట్టూ మూగారు. అరగంటలో టైపిస్టు కెవ్వుమంది. ఆమె మణికట్టు మీద ఏదో పాకుతోంది. డ్రైవరు కాలరులోంచి ఇంకొకటి బయటపడింది. శనివారం నుంచి గోక్కుంటున్న దురదకి ఇప్పుడు కాళ్లొచ్చాయి.

"చెప్పానా! కుక్క నుంచి పాకాయి!" అన్నారు కషాయం గారు విజయగర్వంతో.

ఉద్యోగుల సంఘం కార్యదర్శి అప్పటికప్పుడు కాగితం తీసి వినతిపత్రం రాశాడు: "ఆరోగ్యానికి హాని కలిగిస్తున్న కుక్కను ఈ కార్యాలయం ఆవరణలోకి ఇకపై రానివ్వరాదు." అందరూ సంతకాలు పెట్టారు. కషాయం గారు కూడా పెట్టబోతూ, పరిపాలనాధికారి కుర్చీ గుర్తొచ్చి, కలం మూసేశారు. సరిగ్గా అప్పుడే మేడమ్ లోపలికి వచ్చింది. ఆకుపచ్చ ముఖాలను ఒకసారి కలయజూసింది.

"నా బంగారం ఏడీ?"

"ఇదే మేడమ్."

మేడమ్ తాడు చివరన ఉన్నదాన్ని చూసింది. అది తోక ఊపితేగానీ గుర్తుపట్టలేదు. తాడు లాక్కుని, సూపరింటెండెంటు గారిని వేలితో పిలిచి, కారెక్కించింది. సంగతి తేల్చుకుందామని కార్యదర్శి కూడా వినతిపత్రంతో ఎక్కాడు.

పశువుల డాక్టరు బంగారాన్ని బల్లమీద పడుకోబెట్టి, చెవుల్లో, వేళ్ల సందుల్లో, తోక కింద వెతికాడు. "ఒక్కటి కూడా లేదే. ఎక్కడ చూశారు మీరు?"

"పొట్ట మీద డాక్టర్ గారూ! ఎనిమిది! అటు నాలుగు, ఇటు నాలుగు!"

డాక్టరు పొట్ట చూశాడు. తర్వాత కషాయం గారిని చూశాడు. "అవి చన్నులండీ."

"మగకుక్క కదా!"

"మీరూ మగవాళ్లే కదా. మీకు లేవా?"

కార్యదర్శి వినతిపత్రం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కాగితం చాలాసేపు వణికింది. కషాయం గారు మాత్రం ఓటమి ఒప్పుకునే రకం కాదు. "అయితే ఆఫీసులో పాకినవి ఏంటి? అసలు మీకు మొక్కల వైద్యం అంటే చులకన!"

"చులకనెందుకండీ? కొన్ని మొక్కల రసాలకి పిడుదుల్ని చంపే గుణం ఉంది. దాని మీదే ఏళ్ల తరబడి పనిచేస్తున్న వాళ్లున్నారు. ఏ మొక్క, ఏ భాగం, ఎంత, ఎలా తియ్యాలి, ఏ జంతువుకి పడుతుంది, అన్నీ కొలిచి చూస్తారు. మీరెంత వేశారు?"

"అందాజుగా..." అన్నారు కషాయం గారు. ఆ మాట ఆ గదిలో ఎందుకో చాలా చిన్నగా వినిపించింది.

"ఆకులెక్కడ కోశారు?"

"పంపుహౌసు వెనక. మేకలు మేసే చోట."

డాక్టరు లేచి, దీపం దగ్గరికి లాక్కుని, ఆయన కాలరు వెనక్కి జరిపాడు. "కదలకండి." చిన్న పట్టకారుతో చెవి వెనకనుంచి దేన్నో మెల్లగా లాగి, గాజుపలక మీద పెట్టాడు. బఠాణీ గింజంత ఉంది, కాళ్లాడిస్తోంది. "పిడుదంటే ఇది. రెండు రోజులుగా మీ దగ్గరే ఉన్నట్టుంది, బాగా తిన్నది. మీ కషాయం దీనికి బాగానే పడినట్టుంది. జ్వరం వస్తే మాత్రం మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్లండి."

కార్యదర్శి జేబులోంచి కలం తీశాడు. వినతిపత్రంలో "కుక్కను" అన్న మాట కొట్టేసి, పైన "సూపరింటెండెంటును" అని రాశాడు. మేడమ్ అక్కడే, ఆ బల్లమీదే, దానికింద సంతకం చేసింది.

ఆయన్ని ఊరి చివర నీళ్ల ట్యాంకు దగ్గరికి, పాత మీటర్ల గోదాముకి బదిలీ చేశారు. పరిపాలనాధికారి కుర్చీ టైపిస్టుకి దక్కింది. బంగారం రంగు పోవడానికి ఆరు వారాలు పట్టింది. ఇప్పటికీ కషాయం గారు ఎదురుపడితే అది మొరగదు, కరవదు. పొట్టని నేలకి గట్టిగా ఆనించి, ఆయన వెళ్లిపోయేదాకా కదలకుండా పడుకుంటుంది.