రెండు ఆపరేషన్లు, మూడు గుండ్లు

బంగారుపాళ్యంలో మామిడి మండీ నడిపే రాజారత్నానికి అబద్ధం చెప్పడం చేతకాదు. కాయ పుల్లగా ఉంటే తానే నోరు జారి, కుదిరిన బేరం పోగొట్టుకునే మనిషి. అలాంటివాడికి, చెట్లు పూతమీదుండి మండీలో పనిలేని ఒక పొద్దున, భార్య వసంతమ్మ ఇడ్లీలతోపాటు ఒక అబద్ధం కూడా వడ్డించింది.

"రేపు మద్రాసుకు పోతా ఉండాము కదా. ఎవురడిగినా చిన్న ఆపరేషనని చెప్పండి. అంతకుమించి నోరు తెరవద్దండి."

"ఏం ఆపరేషనని అడిగితే?"

"దగ్గండి."

ఏర్పాటు అంతే. అసలు సంగతేమిటంటే, నలుగురు పిల్లలు పుట్టాక వసంతమ్మ పొట్ట మడతలుపడి కిందికి జారింది. దానికి తోడుగా ఎద కూడా దిగింది. ఎండాకాలమొస్తే మడతల్లో చెమటపొక్కులు, వంగితే నడుంనొప్పి. మద్రాసులో ఒక నర్సింగ్ హోం డాక్టరమ్మ ఆమెను చూసి, ఎదను పైకెత్తి కుట్టవచ్చు, పొట్టమీద మిగులు తోలు తీసి బిగించవచ్చు, రెండూ కలిపి చేస్తే మత్తు ఒకసారే, మంచం ఒకసారే అని చెప్పింది. నాలుగు గంటలు పడుతుందనీ, నెలన్నర దాకా బిందె ఎత్తకూడదనీ హెచ్చరించింది. బిందె మాట విన్నాక వసంతమ్మకు ఇంకేమీ ఆలోచించాల్సిన పని కనబడలేదు.

రెండు నెలల్లో నగరిలో ఆమె అన్న మునికృష్ణ కూతురి పెళ్ళి. తన పెళ్ళినాటి కంచి చీర కట్టుకుని, నిటారుగా నిలబడి ఒక్క ఫోటో దిగాలని ఆమె కోరిక. ఆ ఫోటోలో జడ ముందుకు వేసుకోవాలని కూడా. మోకాళ్ళదాకా వచ్చే జడ అది. నలుగురు పిల్లలు చెడగొట్టలేకపోయింది ఆమె ఒంట్లో అదొక్కటే. నలభై రెండేళ్ళకు ఇదేం సోకని నవ్వే ఊరు గనక అబద్ధం అవసరమైంది.

సాయంత్రం రాజారత్నం తల్లి సుబ్బులమ్మ అడగనే అడిగింది. "కోడలికి ఏం ఆపరేషన్రా?"

రాజారత్నం దగ్గాడు.

"దగ్గు నీకుంటే ఆపరేషను దానికెందుకురా?"

అంతే, బిత్తరపోయి, "కిడ్నీలో రాయిమ్మా" అనేశాడు. మరునాడు చిత్తూరు బస్టాండులో మునికృష్ణ ఎదురుపడి అదే ప్రశ్న వేశాడు. ముందురోజు అమ్మకు చెప్పిందేమిటో గుర్తురాక, "అపెండిసైటిస్ బావా" అని బస్సెక్కేశాడు.

రెండు రోజులకు మునికృష్ణ అరటిపళ్ళు పట్టుకుని సుబ్బులమ్మను పలకరించడానికి బంగారుపాళ్యం వచ్చాడు. కిడ్నీ అని ఒకరు, అపెండిసైటిస్ అని ఒకరు అనుకున్నారు. ఇద్దరూ మండీకి పోయి, రాజారత్నం అక్కడ రాసిపెట్టిన నెంబరు చూసి, మద్రాసు నర్సింగ్ హోంకు ట్రంకు కాల్ చేశారు. నర్సు పలికింది.

"రెండు ఆపరేషన్లు సార్. పైన ఛాతీకి ఒకటి, కింద కడుపుకు ఒకటి. కలిపి చేసేస్తాము. ఇప్పుడే లోపలికి తీసుకుపోయినారు, నాలుగు గంటలవుతుంది."

ఆ వారంలో వసంతమ్మ గురించి ఎవరైనా చెప్పిన మొదటి నిజం అది. దానితోనే కొంప మునిగింది.

"ఛాతీకి అంటే ఇంక గుండెకే కదత్తా," అన్నాడు మునికృష్ణ ఫోను పెట్టేసి. "గుండె, కిడ్నీ, అపెండిసైటిస్. లోపల ఇంకేం మిగిలిందత్తా మా చెల్లెలికి?"

సుబ్బులమ్మ ఇంటికొచ్చి నేరుగా గోడమీది వెంకటేశ్వరస్వామి పటం ముందు నిలబడింది. ఇంట్లో అన్నిటికన్నా గొప్ప వస్తువేదని ఆలోచించింది. "స్వామీ! నా కోడలు ప్రాణంతో ఈ గడప తొక్కితే, మోకాళ్ళదాకా ఉండే దాని జడ నీకిచ్చుకుంటా," అని మొక్కింది. మునికృష్ణ పక్కనే నిలబడి తన తల మొక్కాడు. అతని తలమీద స్వామికిచ్చేంత సరుకేమీ లేదు, చెవుల పక్కన ఉన్నదేదో ఉన్నది.

మరునాడు రాజారత్నం టెలిగ్రాం వచ్చింది. రెండు ఆపరేషన్లూ అయినవి, వసంత క్షేమం అని ఉంది.

"క్షేమమని ఎవురన్నా టెలిగ్రాం ఇస్తార్రా నాయనా?" అని సుబ్బులమ్మ కూలబడింది. వీధి వీధంతా వచ్చి కూర్చుంది. హార్లిక్స్ సీసాలు, బన్నురొట్టెలు చేరాయి. మంచి మనిషి, మంచి మనిషి అంటూ ఇద్దరు ముసలమ్మలు ముందుగానే ఏడ్చిపోయారు.

పద్నాలుగోరోజు టాక్సీ వచ్చి ఆగింది. కుట్లు లాగుతుంటే వసంతమ్మ కాస్త వంగి నడుస్తూ గడప తొక్కింది. "అయ్యో, మనిషి సగమైపోయిందే!" అని వీధిలో ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. ఆ మాటకు వసంతమ్మకు లోలోపల ఎంత సంతోషమైందో చెప్పలేం. ఆ సంతోషం మంచం చేరేదాకానే నిలిచింది.

"పెళ్ళికి ముందే కొండకు పోయొచ్చేద్దామమ్మా," అంది సుబ్బులమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "నీ తల మొక్కినా."

వసంతమ్మ చెయ్యి జడమీదికి పోయింది. ఊరుకుంటే జడ పోతుంది, చెప్తే పరువు పోతుంది. పరువు మళ్ళీ పెంచుకోవచ్చులే అనుకుందో ఏమో, చెప్పేసింది.

"అత్తా, నాకు గుండె బాగుండాది. కిడ్నీ బాగుండాది. జారిపోయిన పొట్టా, ఎదా సరిచేయించుకున్నా. అద్దంలో సూసుకుంటే ఏడుపొచ్చేది అత్తా. నా ఒళ్ళు నాకు కావాలనిపించింది. తిట్టాలంటే తిట్టు, జడ మాత్రం అడగొద్దు."

చెల్లెల్ని చూడడానికొచ్చి మంచం పక్కన కూర్చున్న మునికృష్ణ పైకి చూసి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"నువ్వు బయటికి పోప్పా," అంది సుబ్బులమ్మ. తలుపు వేసి వచ్చింది. "ఏదీ, సూపించు."

చాలాసేపు చూసింది. తిట్టలేదు. "ఆరుగురిని కన్నా నేను. ఈ బరువు నాకు తెలీదా? ఎవురికి చెప్పుకోవాలో తెలీక మోసినా," అంది. తర్వాత దుప్పటి కప్పి, "నొప్పిగా ఉండాదా?" అని అడిగింది.

"ఉండాది అత్తా." వసంతమ్మకు ఏడుపొచ్చేసింది.

"ఏడవబాక, కుట్లు లాగతాయి. తప్పు నాది. నాది కాని తల స్వామికి మొక్కినా. మొక్కింది నేను, నా తలే ఇస్తా."

"అయితే నా మొక్కు?" అన్నాడు తలుపవతల నుంచి మునికృష్ణ ఆశగా.

"నీ తల నువ్వే కదప్పా మొక్కుకున్నావు? ఇచ్చేయ్."

అంతవరకు వసారాలో నక్కి కూర్చున్న రాజారత్నం మెల్లగా తలుపు తోసుకుని వచ్చాడు. ఉంగరాల జుట్టు దువ్వుకోవడానికి రోజూ పావుగంట తీసుకునే మనిషి. "అమ్మా, నేనూ మొక్కినా," అన్నాడు.

"దానికి జబ్బు లేదని నీకు తెలుసు కదరా!"

"తెలుసు. నాలుగు గంటలు ఆ ఆపరేషను గది తలుపు తెరవలేదమ్మా."

నవ్వకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. అయినా వసంతమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

పెళ్ళికి మూడురోజుల ముందు అందరూ కొండకు పోయి మొక్కు తీర్చుకున్నారు. నగరిలో పెళ్ళికొడుకు వైపు వాళ్ళు బస్సు దిగి, ఎదురొచ్చిన మూడు గుండ్లను చూసి అక్కడే ఆగిపోయారు. మైల ఉంటే ముహూర్తమెలా అని వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకున్నాక, పెద్దాయన ఒకరు ముందుకొచ్చాడు.

"ఎవురు పోయినారమ్మా?"

"ఎవురూ పోలేదు," అంది సుబ్బులమ్మ. "నా కోడలు వచ్చింది."

కంచి చీరలో వసంతమ్మ నిటారుగా నిలబడింది. జడనిండా మల్లెలు పెట్టుకుని, దాన్ని ముందుకు వేసుకుంది. అటు భర్త, ఇటు అన్న, ముందు కుర్చీలో అత్త, మూడు గుండ్లూ తళతళ మెరుస్తున్నాయి. ఫోటోగ్రాఫరు కెమెరాలో చూసి, తలెత్తి, మళ్ళీ చూసి, ఫ్లాష్ తీసి సంచిలో పెట్టేశాడు.